జేన్ ఐర్: కుదింపులో పోయినదేమిటి

విజయనగరంలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్న మా అక్క కూతురు పోయిన నెలలో గంటస్తంభం దగ్గరున్న ఒక దుకాణంలో ‘జేన్ ఐర్’ నవల కొనుక్కుని వచ్చింది. అది విద్యార్థుల కోసం కుదించి, తేలిక ఇంగ్లీషులో తిరగరాసిన ప్రతి. 120 పేజీలకు మించదు. ఒక్క రాత్రిలో చదివేసి, మరునాడు పొద్దున్నే నా దగ్గరకు వచ్చి, “కథ బాగుంది పిన్నీ. కానీ అంతగా ప్రేమించిన మనిషిని కాదనుకుని ఆ అమ్మాయి ఎందుకు వెళ్లిపోయిందో, వెళ్లినది మళ్లీ ఎందుకు తిరిగొచ్చిందో నాకు అంతుపట్టలేదు” అంది. చురుకైన పిల్ల, అర్థం కాకపోవడం ఆమె లోపం కాదు. ఆ పుస్తకం తిరగేసి చూస్తే, ఆమె అడిగిన రెండు ప్రశ్నలకూ జవాబు చెప్పే అధ్యాయాలే అందులో లేవని తెలిసింది. నా దగ్గరున్న పూర్తి ప్రతిని పక్కన పెట్టుకుని పదిహేను రోజుల పాటు రెండింటినీ కలిపి చదివాను. ఈ నవలను కొనాలనుకునే వాళ్లకు, ముఖ్యంగా పిల్లల చేతిలో పెట్టాలనుకునే వాళ్లకు ఉపయోగపడుతుందని ఈ సమీక్ష రాస్తున్నాను.

షార్లెట్ బ్రాంటీ రాసిన ఈ నవలను లండన్‌లోని స్మిత్, ఎల్డర్ సంస్థ 1847 అక్టోబరులో మూడు సంపుటాలుగా ప్రచురించింది. రచయిత్రి తన పేరు దాచుకుని కరర్ బెల్ అన్న మారుపేరు పెట్టుకుంది. నవల పేరు కింద ‘ఒక ఆత్మకథ’ అన్న ఉపశీర్షిక ఉంది. మొత్తం 38 అధ్యాయాలు. కథానాయకుడు రోచెస్టర్ మొదటిసారి కనిపించేది 12వ అధ్యాయంలో. అంటే పాఠకుడు అతణ్ణి చూసే లోపల పదకొండు అధ్యాయాల పాటు ఒక అనాథ పిల్ల బాల్యాన్ని ఆమెతో పాటు గడపాలని రచయిత్రి కోరుకుంది. కుదించిన ప్రతిలో రోచెస్టర్ గుర్రం పదిహేనో పేజీలోనే మంచు మీద జారి పడుతుంది. కష్టాలను పీఠికలాగా రెండు మాటల్లో ముగించి ప్రేమకథను ముందుకు తెచ్చారు. ఈ నవలలో ప్రేమ ఆ కష్టాల్లోంచి పుట్టిందే కాబట్టి, వాటిని తీసేశాక మిగిలేది పెద్ద ఇంటి యజమానికీ, ఆ ఇంట్లో పిల్లకు చదువు చెప్పే పంతులమ్మకూ మధ్య నడిచిన ఒక మామూలు ముచ్చట మాత్రమే.

ఈ విషయంలో నాకు పక్షపాతం ఉందని ముందే ఒప్పుకుంటాను. అమ్మానాన్నలు పోయిన తరువాత అక్క అమ్మమ్మ దగ్గరా, నేను చీపురుపల్లి దగ్గరి పల్లెలో మేనమామ ఇంట్లోనూ పెరిగాము. మా అత్తయ్య నన్ను ఏనాడూ కొట్టలేదు, ఒక్క మాట అనలేదు. అయినా రెండోసారి అన్నం వడ్డించుకునే ముందు ఆమె ముఖం వైపు చూసే అలవాటు నాకు ఇప్పటికీ పోలేదు. ఇంకొకరి పంచన పెరిగిన పిల్లకు ఆ ఇంట్లో తన చోటెంతో ఎవరూ చెప్పనక్కరలేదు. మేనమామ ఇల్లయిన గేట్స్‌హెడ్‌లో పదేళ్ల జేన్‌కు దాన్ని నోరు విప్పి మరీ చెబుతారు: నువ్వు పనిమనిషి కన్నా తక్కువ, ఎందుకంటే తినే తిండికి తగిన పని కూడా చేయవు అని ఆ ఇంటి దాసే అంటుంది. జేన్ మేనమామ చనిపోతూ, ఈ పిల్లను సొంత పిల్లలా చూడమని భార్య మిసెస్ రీడ్ చేత మాట తీసుకుంటాడు. ఆ మాట నిలబెట్టుకున్నట్టు కనిపించాలనే తాపత్రయం మిసెస్ రీడ్‌కు ఉంది, పిల్ల మీద ప్రేమ లేదు.

పూర్తి ప్రతిలో మొదటి అధ్యాయం ఏడెనిమిది పేజీలు. జేన్ కిటికీ అరుగు మీద ఎర్ర తెర లాగుకుని, పక్షుల గురించిన బొమ్మల పుస్తకం చూసుకుంటూ ఉంటుంది. మిసెస్ రీడ్ కొడుకు, పద్నాలుగేళ్ల జాన్ రీడ్ వచ్చి, మా పుస్తకాలు తీయడానికి నువ్వెవరివని అడిగి, అదే పుస్తకాన్ని ఆమె మీదకు విసురుతాడు. తల తలుపుకు కొట్టుకుని రక్తం కారుతుంది. ఈ నవలలో ఆమె రక్తం కళ్లచూసిన మొదటి దెబ్బ పుస్తకంతో తగిలిన దెబ్బ. ఎదురు తిరిగినందుకు ఆమెనే, మేనమామ ప్రాణం విడిచిన ఎర్ర గదిలో పెట్టి తాళం వేస్తారు. కుదించిన ప్రతిలో ఉన్నది ఇంతే: ఆమె అత్త క్రూరురాలు, ఒకసారి గదిలో బంధించింది. తెర లేదు, పుస్తకం లేదు, ఎవరి పుస్తకం ఎవరు చదవాలన్న ప్రశ్న లేదు.

ఆ తరువాత జేన్‌ను పంపే లోవుడ్ అనాథ బాలికల బడి అధ్యాయాలను నేను మొదటిసారి శ్రీకాకుళం జిల్లాలో ఒక బాలికల వసతిగృహంలో ఉండగా చదివాను. అక్కడ ఉదయం పెట్టే ఉప్మా వారంలో రెండు మూడు రోజులు అడుగంటి ఉండేది. లోవుడ్‌లో మొదటి ఉదయం పిల్లల ముందు మాడిపోయిన జావ పెట్టే ఘట్టం చదివినప్పుడు, ఇంగ్లండులో వందేళ్లకు ముందే ఇంకెవరో ఆ వాసన పీల్చి రాశారని నాకు వెంటనే తెలిసిపోయింది. నా ఊహ తప్పు కాలేదు. షార్లెట్ ఎనిమిదేళ్ల పిల్లగా ఉండగా కోవన్ బ్రిడ్జ్‌లోని బడిలో చేరింది. అక్కడే చదివిన ఇద్దరు అక్కలు, మరియా, ఎలిజబెత్, 1825లో క్షయతో చనిపోయారు. నవలలో క్షయతో కన్నుమూసే జేన్ స్నేహితురాలు హెలెన్ బర్న్స్ పాత్రకు ఆ మరియాయే మూలం. రాత్రి కూజాలో నీళ్లు గడ్డకట్టే చలి, ఆదివారం రెండు మైళ్లు నడిచి చర్చికి వెళ్లడం, ఆకలికి తట్టుకోలేని పెద్ద పిల్లలు చిన్నపిల్లల రొట్టెముక్క లాక్కోవడం, ఎనభై మంది పిల్లల్లో ఒకేసారి నలభై అయిదుగురు టైఫస్‌తో మంచం పట్టడం: ఇవన్నీ కళ్లారా చూసిన మనిషి రాసిన వివరాలు. బడి పర్యవేక్షకుడు బ్రోకిల్‌హర్స్ట్, పిల్లల జుట్టు గర్వానికి గుర్తని, కత్తిరించమని ఆజ్ఞాపిస్తూ ఉండగానే, అతని భార్యా కూతుళ్లూ పట్టు, మఖమలు బట్టలతో, నొక్కులు తీర్చిన జుట్టుతో గదిలోకి వస్తారు. ఆడపిల్ల జుట్టు కోయించడం అంటే ఏమిటో మన అమ్మమ్మల తరం వాళ్లను అడిగితే చెబుతారు; ఆ పేజీ దగ్గర నాకు ప్రతిసారీ ఒళ్లు మండుతుంది.

హెలెన్ సహనాన్ని బోధిస్తుంది. కారణం లేకుండా కొట్టినవాళ్లను, వాళ్లు ఇంకెప్పుడూ ఆ పని చేయనంత గట్టిగా తిరిగి కొట్టాలని జేన్ అంటుంది. చివరకు జేన్ స్వభావంలో ఈ రెండూ నిలుస్తాయి. తనను హింసించిన మిసెస్ రీడ్‌ను మరణశయ్య మీద ఆమె క్షమిస్తుంది. కానీ తన మనసుకు అన్యాయమనిపించిన దానికి ఎవరు అడిగినా తలవంచదు. కుదించిన ప్రతిలో హెలెన్‌కు దక్కింది పేజీన్నర. రోచెస్టర్‌ను విడిచి వెళ్లేటప్పుడు జేన్‌కు అంత బలం ఎక్కడిదని మా పిల్ల అడగడానికి కారణం ఈ పేజీన్నరే.

ఆ ప్రతి చేసిన అన్నిటి కన్నా పెద్ద తప్పు డబ్బు లెక్కలను కొట్టివేయడం. ప్రేమకథలో డబ్బు లెక్కలు ఎందుకని సంక్షిప్తకర్త అనుకుని ఉండవచ్చు. జేన్ మాత్రం తన జీవితంలో ప్రతి పౌనునూ లెక్కపెట్టుకుంటుంది. లోవుడ్‌లో పంతులమ్మగా ఆమెకు ఏడాదికి 15 పౌన్లు, రోచెస్టర్ ఇల్లయిన థార్న్‌ఫీల్డ్‌లో 30. మరణశయ్య మీదున్న అత్తను చూడడానికి బయలుదేరుతూ తన జీతం అడిగినప్పుడు, రావలసింది 15 పౌన్లయితే రోచెస్టర్ 50 ఇవ్వబోతాడు. తన కష్టార్జితానికి మించి ఒక్క పెన్నీ ఆమె తీసుకోదు. పెళ్లి కుదిరిన తరువాత అతడు ఆమెను పట్టుబట్టల కొట్టుకు, నగల కొట్టుకు తీసుకువెళ్లి ముంచెత్తుతుంటే ఆమెకు సంతోషం బదులు సిగ్గు, చిరాకు కలుగుతాయి. తనకంటూ కొద్దిపాటి ఆస్తి ఉంటే ఇంత చిన్నతనం ఉండదు కదా అనుకుని, ఎన్నడూ చూడని చిన్నాన్నకు మదీరా దీవికి ఉత్తరం రాస్తుంది. ఆ ఉత్తరం అందిన సమయంలో ఆయన దగ్గర మేసన్ అనే పెద్దమనిషి, రోచెస్టర్ మొదటి భార్య సోదరుడు, ఉంటాడు. పెళ్లి సంగతి అతనికి అలా తెలుస్తుంది, పీటల మీది పెళ్లి అలా ఆగిపోతుంది.

ఈ గొలుసును ఒకసారి గమనించండి. మొగుడి సొమ్ము మీద బొమ్మలా బతకనన్న ఆత్మగౌరవమే ఆ ఉత్తరం రాయించింది. ఆ ఉత్తరమే ఆమెను మోసపు పెళ్లి నుంచి కాపాడింది. ఆమె మనసు విరిగిపోవడానికి కూడా అదే కారణమైంది. గేట్స్‌హెడ్‌లో, తినే తిండికి తగిన పని చేయవన్న మాట విన్న పిల్ల కాకపోతే ఆ ఉత్తరం రాసేదే కాదు. కుదించిన ప్రతిలో ఈ ఉత్తరం ప్రస్తావన ఎక్కడా లేదు. పెళ్లి జరుగుతుండగా ఎక్కడి నుంచో ఒక లాయరు ఊడిపడి, ఇతనికి భార్య బతికే ఉందని చెబుతాడు. చదివిన పిల్లకు అది సినిమా మలుపులా అనిపించిందంటే తప్పెవరిది?

పూర్తి ప్రతి చదువుతుంటే ఇంగ్లీషులో దాగిపోయి, తెలుగులో ఆలోచిస్తే బయటపడే ఒక అందం ఉంది. పుస్తకం పొడుగునా జేన్ రోచెస్టర్‌ను ‘సర్’ అనే సంబోధిస్తుంది. ఇంగ్లీషులో అందరికీ ఒకే ‘యూ’ కాబట్టి వాళ్ల మధ్య దూరం ఎప్పుడు తగ్గిందో, ఎప్పుడు పెరిగిందో ఆ ఒక్క మాటను బట్టే తెలుసుకోవాలి. తోటలో చెస్ట్‌నట్ చెట్టు కింద ఆమె అతణ్ణి నిలదీసే ఘట్టాన్ని మా అమ్మాయికి తెలుగులో చెప్పవలసి వచ్చినప్పుడు, పేదదాన్నని, అందం లేనిదాన్నని నాకు ప్రాణం లేదనుకుంటున్నారా అని ‘మీరు’తోనే చెప్పాను. ‘నువ్వు’ అనవచ్చు కదా అని ఆమె అడిగింది. ఆలోచించి చూశాను. ‘నువ్వు’ అంటే అది కోపంలో జారిన మాట అయిపోతుంది. మర్యాద వదలకుండానే సమానత్వం అడగడంలో ఆ ఘట్టం బలమంతా ఉంది. ఆ వెంటనే అతడు తనను ఎడ్వర్డ్ అని పేరు పెట్టి పిలిచి ఒప్పుకొమ్మంటాడు. భర్త పేరు పలకడానికి వంద మెలికలు తిరిగిన ఇల్లాళ్ల ఊళ్లలో పెరిగిన నాకు ఆ వాక్యం ఎంత పెద్దదో తెలుసు. కుదించిన ప్రతిలో సంభాషణలన్నీ సరళం చేయడంలో ‘సర్’ అన్న మాట చాలా చోట్ల ఎగిరిపోయింది, దానితో పాటు ఈ మెట్లన్నీ పోయాయి.

28వ అధ్యాయం గురించి కొంచెం ఆగి చెప్పాలి. పెళ్లి ఆగిన మరునాడు తెల్లవారక ముందే రోచెస్టర్ ఇల్లు విడిచిన జేన్ దగ్గర ఉన్నది 20 షిల్లింగులు. బండివాడు 30 అడిగి, ఉన్నంతకే ఎక్కించుకుని, విట్‌క్రాస్ అనే నాలుగు రోడ్ల కూడలి దగ్గర దింపేస్తాడు. చిన్న మూట బండిలోనే మరిచిపోతుంది. ఒక రాత్రి పచ్చిక బయలులో, మరొక రాత్రి వానలో తడుస్తూ అడవిలో పడుకుంటుంది. రొట్టెల దుకాణంలో మెడకు కట్టుకున్న గుడ్డనూ, చేతి తొడుగులనూ ఇస్తాను, ఒక రొట్టె ఇమ్మని అడిగితే దుకాణదారు కాదంటుంది. ఒక గుడిసె దగ్గర పందుల తొట్టిలో పోయబోతున్న చల్లారిన జావను అడిగి తింటుంది. చోడి అంబలి తాగి బతికిన కరువు రోజుల గురించి పెద్దవాళ్లు చెప్పగా విన్న నాకు, ఆ జావ గట్టిపడి ముద్దగా చేతిలో పడడం కంటికి కట్టినట్టు కనిపిస్తుంది. గొప్ప ఇంటికి యజమానురాలు కాబోయిన మనిషి, తన మాట మీద తాను నిలబడినందుకు చెల్లించిన ధర ఇది. కుదించిన ప్రతిలో దీనికి ఇచ్చిన చోటు ఒక్క వాక్యం: కొన్ని రోజులు తిరిగి ఆమె ఒక ఇంటికి చేరుకుంది.

ఆ ఇల్లు రివర్స్ అన్నాచెల్లెళ్లది. మోర్టన్ పల్లెలో పేదపిల్లల బడి నడుపుతూ ఆమె గడిపే రోజులు నాకెంతో ఇష్టమైనవి, కానీ వాటిని గురించి ఎక్కువ చెప్పను. మదీరా చిన్నాన్న 20,000 పౌన్లు ఆమెకు రాసిపెట్టి చనిపోయాడని, రివర్స్ పిల్లలు తన మేనత్త బిడ్డలేనని తెలిసినప్పుడు, ఆమె ఆ ఆస్తిని నలుగురికీ 5,000 చొప్పున పంచుతుంది. ఒంటరిగా పెరిగిన పిల్లకు ఆస్తి కన్నా తోబుట్టువులు దొరకడమే పెద్ద సంపద. ఆ ఇంటి అన్న సెయింట్ జాన్ మిషనరీగా భారతదేశానికి వెళ్లబోతూ, ఆమెకు హిందూస్తానీ నేర్పించి, భార్యగా తనతో రమ్మంటాడు. చెల్లెలిగా వస్తానంటుంది, ప్రేమ లేని పెళ్లికి ఒప్పుకోదు. లండన్ మిషనరీ సొసైటీ వాళ్లు 1805లోనే విశాఖపట్నం వచ్చి తెలుగు నేర్చుకున్న ప్రాంతం మనది. అలాంటి ఓడ ఎక్కబోయిన ఒక మనిషిని, ఎక్కనని చెప్పిన ఒక అమ్మాయిని విజయనగరంలో కూర్చుని చదవడం నాకు ఎప్పుడూ వింతగానే ఉంటుంది. ప్రేమ ఉండీ న్యాయం లేని చోట నుంచి ఒకసారి, ధర్మం ఉండీ ప్రేమ లేని చోట నుంచి మరోసారి ఆమె తప్పుకుంది. ఆమె మళ్లీ రోచెస్టర్ దగ్గరకు తిరిగి వెళ్లే సమయానికి ఆమెకు ఆస్తి ఉంది, బంధువులు ఉన్నారు. అతనికి చూపు పోయింది, ఒక చెయ్యి పోయింది, ఇల్లు కాలిపోయింది. అవసరం కోసం కాక ఇష్టం కోసం వెళ్లింది. మా అక్క కూతురి రెండో ప్రశ్నకు జవాబు ఇదే. చివరి అధ్యాయం మొదటి వాక్యంలో జేన్, తాను అతణ్ణి పెళ్లి చేసుకున్నానని పాఠకుడికి చెబుతుంది. ఆడపిల్లకు పెళ్లి ‘చేశారు’ అనడమే ఎక్కువగా విన్న చెవికి ఆ ‘చేసుకున్నాను’ ఎంతో హాయిగా ఉంటుంది.

నవలలో నాకు మింగుడుపడనిది లేకపోలేదు. రోచెస్టర్ మొదటి భార్య బెర్తా మేసన్, జమైకా నుంచి వచ్చిన మనిషి, పుస్తకమంతటిలో పాఠకుడి ముందు ఒక్క మాట మాట్లాడదు. 30,000 పౌన్ల కట్నం కోసం తండ్రీ, అన్నా కలిసి రోచెస్టర్‌ను ఆమెకు కట్టబెట్టారు. ఆడపిల్లను డబ్బుకు అమ్మడాన్ని గురజాడ ‘కన్యాశుల్కం’లో ఎండగట్టిన ఊరు మాది కాబట్టి, ఇక్కడ మగపిల్లవాడిని అమ్మిన తీరు వెంటనే అర్థమవుతుంది. కానీ ఆ బేరంలో నలిగిపోయిన పిచ్చిదాన్ని అటకగదిలో జంతువులా చూపించిన తీరు, అనాథ బాధను అంతగా తెలిసిన రచయిత్రి చేయవలసింది కాదనిపిస్తుంది. 1966లో జీన్ రీస్ ‘వైడ్ సర్గాసో సీ’ అన్న నవలలో బెర్తా వైపు నుంచి ఆ కథను రాసింది. పూర్తి ‘జేన్ ఐర్’ చదివిన తరువాత దాన్ని కూడా చదవమని చెబుతాను.

ఇక పుస్తకాల సంగతి. కుదించిన ప్రతి అచ్చు పెద్దది, కాగితం తెల్లనిది, అధ్యాయం చివర ప్రశ్నలు, కష్టమైన మాటలకు అర్థాలు ఉన్నాయి. ఎనిమిదో తరగతి పిల్లలకు ఇంగ్లీషు అభ్యాసానికి పనికొస్తుంది, అంతకు మించి పనికిరాదు. అట్ట మీద కుదించినదన్న సంగతి వెనక వైపు చిన్న అక్షరాల్లో వేయడం సరైన పద్ధతి కాదు. నా పూర్తి ప్రతికి లోపాలు లేవని కాదు. 500 పేజీలకు పైబడిన పుస్తకాన్ని చవకలో ఇవ్వాలని అక్షరాలను మరీ చిన్నవి చేశారు. అడెల్ అనే పిల్ల మాట్లాడే ఫ్రెంచి మాటలకు అర్థం ఇవ్వలేదు. బైబిలు ప్రస్తావనలకు వివరణ లేదు. రెండో వేసవికే జిగురు ఎండిపోయి మధ్య పేజీలు ఊడిపోతే, ఊళ్లో బైండింగు చేసే ఒక పెద్దాయన దారంతో కుట్టి ఇచ్చారు. కొంచెం ఎక్కువ పెట్టినా వివరణలు ఉన్న ప్రతినే కొనమని నా సలహా. కొనేముందు అధ్యాయాల పట్టిక చూడండి: 38 అధ్యాయాలైనా ఉండాలి, లేదా మూడు సంపుటాలుగా విడదీసి 15, 11, 12 అయినా ఉండాలి. అంతకన్నా తక్కువుంటే అది కుదించినదే. భాష భయపెడుతుందనుకునే వాళ్లకు ఒక మాట: మొదటి నాలుగు అధ్యాయాలు నిఘంటువు పక్కన పెట్టుకుని నిదానంగా చదివితే, లోవుడ్ చేరేసరికి ఆమె గొంతు అలవాటవుతుంది.

పోయిన వారం ఇద్దరం ఆ దుకాణానికే వెళ్లి, వివరణలు ఉన్న పూర్తి ప్రతి కావాలని అడిగాము. కాలేజీ పిల్లలు సన్నదే అడుగుతారని, అందుకే లావుది తెప్పించలేదని దుకాణదారు చెప్పి, విశాఖపట్నం నుంచి రెండు ప్రతులకు ఆర్డరు పెట్టారు. ఒకటి మా అమ్మాయికి. రెండోది, నేను చదువుకున్న వసతిగృహంలోని పిల్లలకు.